అడవి ఆయుష్షు వడ్డీ లెక్కలో ఉంది

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఎండలు ముదిరేసరికి కొండలు తగలబడుతున్నాయనీ, పోడు వల్ల అడవి తరిగిపోతోందనీ మన జిల్లాల పేజీల్లో వార్తలు రావడం ఏటా చూస్తున్నదే. ఆ వార్తలు అబద్ధాలు కావు. కానీ వాటిని చదివినప్పుడల్లా, కొండ మీద ఉండేవాళ్లకు అడవి విలువ తెలియకనే ఈ నష్టమంతా జరుగుతోందన్న భావం పాఠకుల మనసులో మిగిలిపోతుందని నాకనిపిస్తుంది. నేను విజయనగరంలో మూడు దశాబ్దాల పాటు డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెప్పి విరమణ పొందినవాణ్ణి. మా సొంత ఊరు పార్వతీపురానికి దిగువన, నాగావళి కాలువ కింద ఉంది. పాఠం చెప్పిన రోజుల్లో నాకే సరిగ్గా అర్థంకాని ఒక లెక్క, విరమణ తర్వాత కొండ ఊళ్ల సంతల్లో తిరుగుతుంటే అర్థమైంది. దానిని మీ పత్రిక ద్వారా పాఠకుల ముందూ, అధికారుల ముందూ ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక శీతకాలంలో గుమ్మలక్ష్మీపురం వైపు ఒక సంతకు వెళ్లాను. పొద్దున్నే కొండ దిగి వచ్చిన ఒక నడివయసు సవర గిరిజన మహిళ కొండచీపుర్ల మోపు దించి కూర్చుంది. దగ్గరికి వెళ్లి చూస్తే సగం చీపుర్లకు మొదట్లో మట్టి అంటుకొని ఉంది, సన్నని వేళ్లు వేలాడుతున్నాయి. పూత ఇంకా పచ్చిగానే ఉంది. కొండచీపురు దుబ్బుకట్టి పెరిగే గడ్డిజాతి మొక్క. పూత ముదిరాక నేలకు కాస్త పైన కొడవలితో కోస్తే అదే దుబ్బు మరుసటి ఏడు మళ్లీ కోతకు వస్తుంది. పచ్చిగా ఉండగానే పట్టి లాగితే కాడతో పాటు వేరూ ఊడి వచ్చి దుబ్బు బలహీనపడుతుంది, రెండు మూడేళ్లు అలాగే లాగితే ఆ చోట దుబ్బే ఉండదు. పైగా పచ్చి చీపురు ఆరాక పూత రాలిపోతుంది కాబట్టి దానికి ధర కూడా తక్కువే. ఇవన్నీ ఆమెకు నాకంటే బాగా తెలుసు. "ఇంకో ఇరవై రోజులు ఆగితే మంచి సరుకయ్యేది కదమ్మా" అన్నాను. "మేం ఒగ్గేస్తే పక్కూరోళ్లు లాక్కెళ్లిపోతారు బాబూ. సావుకారికి పండగప్పు కట్టాల. ఆగితే మాకేటి మిగుల్తాది?" అంది.

ఆమె చెప్పినదాంట్లో రెండు కారణాలున్నాయి. చీపురు దుబ్బు ఎవరిదో తేలకపోవడం ఒకటి, మెడ మీద అప్పు ఉండటం రెండోది. మన అటవీ విధానాల మీద వచ్చిన పుస్తకాలన్నీ పక్కన పెట్టి ఈ రెండింటినే పట్టుకున్నా అడవి ఎందుకు తరుగుతోందో చాలావరకు తెలుస్తుంది.

ముందు అప్పు సంగతి చెబుతాను. చెట్టును ఏ వయసులో కొడితే లాభమన్న ప్రశ్నకు జర్మనీకి చెందిన అటవీ అధికారి మార్టిన్ ఫౌస్ట్‌మన్ 1849లో ఒక సూత్రం ఇచ్చాడు. అటవీ అర్థశాస్త్రానికి నేటికీ అదే పునాది. దాని సారాంశం మన రైతు భాషలో చెప్పాలంటే, చెట్టు నిలబడి ఉంటే ఏడాదికి పెరిగే విలువ ఎంత, దానిని కొట్టి అమ్మి ఆ డబ్బునూ, ఖాళీ అయిన నేలనూ వాడుకుంటే వచ్చేది ఎంత అని పోల్చి చూసుకోవడమే. ఈ రెండో వైపును పెంచేది వడ్డీ రేటు. తీరం వెంబడి సరుగుడు వేసే మన రైతు ఫౌస్ట్‌మన్ పేరు విని ఉండడు గానీ, కూతురి పెళ్లికి తెచ్చిన అప్పు మీద వడ్డీ పెరుగుతుంటే మరో రెండేళ్లు ఆగాల్సిన తోటను ముందే కొట్టించేయడంలో ఆ సూత్రాన్నే అమలు చేస్తాడు.

మన పల్లెల్లో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. అంటే ఏడాదికి 36 శాతం. చక్రవడ్డీ లెక్కన చూస్తే, పదేళ్ల తర్వాత చేతికి వచ్చే వంద రూపాయలకు ఈ రోజు విలువ నాలుగు రూపాయల అరవై పైసలు. అదే అయిదు శాతం వడ్డీకి అప్పు పుట్టే మనిషికైతే అరవై ఒక్క రూపాయలు. ఒకే కరక చెట్టు, ఒకే ఉసిరి చెట్టు, ఒకే ఇప్ప చెట్టు. పదేళ్ల తర్వాత అది ఇవ్వబోయే ఫలసాయం ఒకరికి అరవై రూపాయల ఆస్తి, ఇంకొకరికి నాలుగున్నర రూపాయల చిల్లర. ఉసిరికాయలు దులపడానికి బదులు కొమ్మనే నరికి కిందికి లాగేవాణ్ణి అజ్ఞాని అని తిట్టే ముందు అతని చేతిలో ఉన్న అప్పు కాగితాన్ని చూడాలి. అందుకే అప్పు విధానం కూడా అటవీ విధానమేనని నేను నమ్ముతున్నాను. సీజనుకు రెండు నెలల ముందు మహిళా సంఘాల ద్వారా తక్కువ వడ్డీకి కొద్దిపాటి పెట్టుబడి అందితే అది కొన్ని వేల మొక్కలు నాటడం కంటే ఎక్కువ అడవిని నిలబెడుతుంది.

రెండోది హక్కు. అప్పు లేకపోయినా, తాను వదిలిన దుబ్బును రేపు మరొకరు లాక్కుపోతారని తెలిసినప్పుడు ఎవరూ ఆగరు. ఇక్కడ మన చట్టాల చరిత్ర కొంచెం చెప్పుకోక తప్పదు. 1952 జాతీయ అటవీ విధానం దేశ ప్రయోజనం పేరుతో అడవి పక్క ఊళ్ల వాడకాన్ని వెనక్కి నెట్టింది. 1988 విధానం దానిని తిరగరాసింది. పర్యావరణ సమతుల్యతే అసలు లక్ష్యమనీ, అటవీ ఉత్పత్తుల మీద మొదటి హక్కు అడవిలోనూ, దాని అంచునా బతికే పేదలదేననీ, పరిశ్రమలకు రాయితీ ధరలకు సరఫరా చేసే పద్ధతి ఆగాలనీ చెప్పింది. 1990లో ఉమ్మడి అటవీ యాజమాన్యం, అంటే ఊరూ అటవీ శాఖా కలిసి అడవిని చూసుకునే పద్ధతి మీద కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది, 1992 నుంచి మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు వచ్చాయి. నేను ఎరిగిన ఊళ్లలో ఆ సమితులు ప్రాజెక్టు డబ్బు ఉన్నన్నాళ్లు కందకాలు తవ్వాయి, మొక్కలు నాటాయి, డబ్బు ఆగాక బోర్డు మాత్రం మిగిలింది. ఇందుకు ఆ ఊళ్లవాళ్లను తప్పుపట్టలేం. వాళ్లకు ఇచ్చింది కూలి, యాజమాన్యం కాదు.

పంచాయతీరాజ్‌ను గిరిజన ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం, షెడ్యూల్డు ప్రాంతాల్లో (గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతాల్లో) చిన్నతరహా అటవీ ఉత్పత్తుల యాజమాన్యాన్ని గ్రామసభలకూ, పంచాయతీలకూ ఇవ్వాలంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. ఈ చట్టం అనగానే మన ప్రాంతంలో పది ఎకరాల లోపు పోడు పట్టాల గురించే మాట్లాడతారు. దానిని తక్కువ చేయను, ఆ పట్టా ఒక కుటుంబానికి బతుకు. అయితే అదే చట్టం మూడో సెక్షన్‌లో, ఊరు తరతరాలుగా వాడుకుంటూ వచ్చిన అడవిని కాపాడే, పునరుద్ధరించే, నిర్వహించే సామూహిక హక్కు కూడా ఉంది. వెదురు, తేనె, అడ్డాకులు, కరక్కాయలు, దుంపలు, మందు మొక్కలు అన్నింటినీ సేకరించే, అమ్ముకునే యాజమాన్య హక్కు ఉంది. 2012లో నిబంధనలను సవరించినప్పుడు ఆ సరుకు రవాణాకు పర్మిట్లు గ్రామసభ కమిటీయే ఇవ్వవచ్చని కూడా స్పష్టం చేశారు. పెసా షెడ్యూల్డు ప్రాంతానికే పరిమితం గానీ అటవీ హక్కుల చట్టానికి ఆ హద్దు లేదు. షెడ్యూల్డు ప్రాంతంలో చేర్చమని ఏళ్లుగా అడుగుతున్న శ్రీకాకుళం జిల్లా కొండ గ్రామాలకు కూడా అది వర్తిస్తుంది. ఈ మాట ఆ ఊళ్లలో ఎంతమందికి చేరిందో అధికారులు ఒకసారి విచారించాలి.

హక్కు ఇస్తే ఉన్న అడవినంతా నరికేస్తారు అన్నది నేను తరచుగా వినే అభ్యంతరం, అది కూడా చదువుకున్నవాళ్ల నోటి నుంచే. ఆ భయం పూర్తిగా అర్థంలేనిదని అనను. అప్పు బాధ తీరకుండా హక్కు పత్రం ఒక్కటే చేతికిస్తే కొన్ని ఊళ్లలో అలా జరగవచ్చు కూడా. అయితే ఉమ్మడి వనరులను వాడుకునేవాళ్లే హద్దులు గీసుకొని, నియమాలు పెట్టుకొని, తప్పు చేసినవాడికి తామే జరిమానా వేసే చోట అవి తరాలపాటు నిలిచాయని ఎన్నో దేశాల అనుభవాల నుంచి చూపినందుకే ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అంత దూరం పోనక్కరలేదు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా గ్రామానికి 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. 2011లో రవాణా పర్మిట్ల పుస్తకం కూడా గ్రామసభ చేతికే ఇచ్చారు, ఊరే తన వెదురును అమ్ముకోవడం మొదలుపెట్టింది. మన దగ్గరైతే కొత్తల పండుగ ఉంది కదా. పండుగ చేసేదాకా కొత్త కందినీ, కొత్త మామిడినీ నోట పెట్టని ఆచారం మన కొండల్లో ఇప్పటికీ చాలా ఊళ్లలో పాటిస్తారు. దానిని భక్తిగానే చూసి వదిలేస్తాం గానీ, కాయ ముదరకముందే ఎవరూ తెంపకుండా ఊరంతా కలిసి పెట్టుకున్న కోత తేదీ అది. చీపురుకు అలాంటి తేదీని నిలబెట్టడం ఒక ఊరికి కష్టం కాదు, ఆ కొండ తనదని కాగితం మీద ఉంటే.

ఇక అడవిని కొలిచే పద్ధతి. రెండేళ్లకోసారి వచ్చే దేశ అటవీ స్థితి నివేదికలో, ఒక హెక్టారుకు మించి ఉండి పది శాతం నేలను చెట్ల నీడ కప్పితే చాలు, ఆ భూమి ఎవరిదైనా, అందులో ఏ చెట్టు ఉన్నా అడవి కిందే లెక్క. ఉపగ్రహ చిత్రాల నుంచి ఆ లెక్క కట్టడానికి కారణాలు ఉండవచ్చు, దానిని నేను కాదనను. 2021 నివేదికలో అటవీ విస్తీర్ణం అన్ని రాష్ట్రాల కంటే మన రాష్ట్రంలోనే ఎక్కువగా, 647 చదరపు కిలోమీటర్లు పెరిగిందని చదివి అందరం సంతోషించాం. కానీ జీడితోటా, నీలగిరి తోటా, ఇప్పా కరకా నల్లజీడీ పనసా కలిసి పెరిగిన కొండ వాలూ ఒకే గడిలో పడే లెక్క అది. జీడితోట రైతుకు మేలే చేస్తుంది, తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో ఉద్దానంలో ఆ తోటలను కూల్చినప్పుడు జరిగిన నష్టం ఎంతటిదో మనం చూశాం. అయినా జీడి కింద అడ్డాకు తీగ పాకదు, చీపురు దుబ్బు మొలవదు, నేల మీద అడవిలో ఉన్నంత ఆకు మెత్త ఉండదు. తోట పెరిగి అడవి తగ్గినా ఆ నివేదికలో మొత్తం పెరిగినట్టే కనిపిస్తుంది. జిల్లా స్థాయిలోనైనా సహజమైన అడవినీ, తోటలనూ వేర్వేరుగా చూపే పట్టిక ఏటా ప్రచురించాలని కోరుతున్నాను.

డబ్బు విషయానికి వస్తే, అడవికి ధర కట్టడం ప్రభుత్వానికి కొత్త కాదు. గనికో, రిజర్వాయరుకో, రోడ్డుకో అటవీ భూమి ఇచ్చినప్పుడు ఆ అడవి ముందుముందు ఇవ్వబోయే మేళ్ల నేటి విలువను వసూలు చేయాలన్న ఏర్పాటు అడవుల రక్షణ మీద సుప్రీంకోర్టులో నడిచిన గోదావర్మన్ కేసు నుంచి వచ్చింది. 2008లో కోర్టు ఆమోదించిన రేట్లు అడవి రకాన్ని బట్టి హెక్టారుకు 4 లక్షల 38 వేల నుంచి 10 లక్షల 43 వేల రూపాయల దాకా ఉన్నాయి, ఆ తర్వాత వాటిని పెంచారు. అలా వసూలైన డబ్బు కోసం 2016లో పరిహార అటవీకరణ నిధి చట్టం వచ్చింది. ఆ నిధిలో 90 శాతం రాష్ట్రాలకు, 10 శాతం కేంద్రానికి వెళుతుంది. 2019 ఆగస్టులో ఒక్కసారే 47 వేల కోట్ల రూపాయలకు పైగా రాష్ట్రాలకు బదిలీ చేశారు. పన్నుల వాటా పంచేటప్పుడు అడవికి 14వ ఆర్థిక సంఘం 7.5 శాతం, 15వ ఆర్థిక సంఘం 10 శాతం ప్రాముఖ్యం ఇచ్చాయి. అంటే కొండ మీద అడవి నిలబడి ఉన్నందుకు రాష్ట్ర ఖజానాకు డబ్బు వస్తోంది. ఆ అడవిని నిలబెడుతున్న ఊరికి మాత్రం అందులో ఇంత అని పేరుపెట్టి వచ్చే వాటా లేదు. గని కోసం అడవి పోతే పరిహారం లెక్కకు ఆ ఊళ్లో ఏరుకునే చింతపండూ, ఇప్పపువ్వూ కూడా ఆధారమవుతాయి, అడవి పోనంతకాలం ఆ ఊరిది ఉచిత కాపలా అవుతుంది. ఇది న్యాయంగా లేదు.

ఈ లెక్కలో మైదానంవాళ్లం కూడా ఉన్నాం. నేను చిన్నప్పుడు తోటపల్లి పాత రెగ్యులేటరు కింద మా పిల్లకాలువను ఏడాదికొకసారి ఊరంతా కలిసి పూడిక తీసేవాళ్లం. మోకాలి లోతు దాకా బురద, దాని కింద ఎర్రటి సన్నని ఇసుక. ఆ ఇసుకను గట్టు మీద పోస్తూ మా పెద్దనాన్న "ఇది మన మన్ను కాదురా, కొండ మన్ను" అనేవారు. చోళ్లు, కొర్రలు, సామలు, కందులు పండే పోడు చెక్కను పది పన్నెండేళ్లు బీడు పెట్టే రోజుల్లోనే అలా ఉంటే, బీడు రెండు మూడేళ్లకు కుదించుకుపోయాక కిందికి దిగే మన్ను ఎంతో ఊహించుకోవచ్చు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి మన దాకా వస్తున్నాయి కాబట్టి రాయగడ వైపు అడవికి ఏం జరిగినా అది మన కాలువలోకి దిగుతుంది. రెండు రాష్ట్రాలూ నీటి వాటాల గురించి ఏళ్లుగా వాదించుకుంటున్నాయి, ఆ నీళ్లను ఆపి వదిలే అడవి గురించి కూడా అదే బల్ల మీద మాట్లాడుకోవాలి. మా ఆయకట్టులో ఎకరానికి ఏడాదికి వంద రూపాయలు ఎగువ ఊళ్ల అడవి సంరక్షణకు కేటాయించమంటే నా వాటా నేను ముందుగా కడతాను, పూడిక తీతకు అయ్యే ఖర్చుతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తమని తోటి రైతులకు నచ్చజెప్పే పని కూడా తీసుకుంటాను.

ధర గురించి కూడా ఒక మాట. దళారుల నుంచి గిరిజనుణ్ణి కాపాడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 2013-14 నుంచి చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం కూడా ఉంది. అయితే ధర ప్రకటించిన నెల తర్వాత కొనుగోలు మొదలైతే, డబ్బు మరో రెండు వారాలకు అందితే, ఈలోగా సరుకు వ్యాపారి కాటాకు చేరిపోతుంది, ఎందుకంటే అతను అక్కడే నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు. పిక్క తీసిన చింతపండుకూ తీయనిదానికీ ధరలో ఉన్న తేడా ఇంట్లో ఆడవాళ్లు కొన్ని రాత్రులు కూర్చుంటే వాళ్లకే దక్కుతుంది. అడ్డాకులను మోపులుగా అమ్మేకన్నా విస్తళ్లు కుట్టి అమ్మితే వచ్చే తేడా కూడా అలాంటిదే. 2022 జులై నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లను దేశమంతటా నిషేధించారు. మన జిల్లాల్లోని దేవస్థానాలూ, కల్యాణ మండపాలూ, ప్రభుత్వ సమావేశాలూ అడ్డాకు విస్తరికి మళ్లితే అది కొనే విస్తరి మాత్రమే కాదు, అడ్డాకు తీగ పాకే చెట్టును నరకకుండా ఉండటానికి కొండ మీది ఇంటికి ఒక కారణం కూడా అవుతుంది.

కొండచీపురు కోత జనవరిలో మొదలవుతుంది, దాని వెనకే చింతపండు, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు వస్తాయి. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెట్టడం వల్ల రేగే మంటలు వేసవి కార్చిచ్చుల్లో కొన్నింటికి మూలం, చెట్టు కింద పరిచే వలలు ముందుగా ఇస్తే ఆ నిప్పు అవసరమే ఉండదు. అందుచేత పార్వతీపురం, సీతంపేట ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులకూ, అటవీ శాఖ వారికీ నా విన్నపం ఇది. ఈ డిసెంబరు ముగిసేలోపు కనీసం మండలానికి రెండు ఊళ్లలో గ్రామసభ పెట్టించి, ఆ ఊరి అడవి హద్దులను ఊరివాళ్లతోనే నడిచి గుర్తించి, సామూహిక హక్కు పత్రం ఇవ్వండి. చీపురు కోత తేదీని ఆ సభలోనే నిర్ణయించనివ్వండి. ఆ తేదీ దాకా సావుకారి వాయిదా ఆగేలా సంఘాలకు పెట్టుబడి అప్పు మంజూరు చేయించండి. కోత మొదలైన రోజునే సంతలో కాటా పెట్టి చేతికి డబ్బు ఇవ్వండి. పరిహార నిధితో నాటే మొక్కలు ఏవో ఆ సభనే అడగండి, వాళ్లు టేకు పేరు చెప్పరు, ఇప్ప, చింత, పనస, కరక అంటారు. రెండు సీజన్ల తర్వాత ఆ ఊళ్లలో చీపురు దుబ్బులు ఎన్ని మిగిలాయో, పక్క ఊళ్లలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడానికి నా పాత విద్యార్థులు కొందరిని వెంటబెట్టుకొని, ఖర్చు మేమే పెట్టుకొని రావడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
విజయనగరం.